నిద్రపోతున్న పిల్లను లేపండి

"ఎంత బుద్ధిమంతురాలు! పండుకుంటే పండుకున్నట్టే, సప్పుడే చెయ్యది" అని మా మనవరాలిని చూసిన ప్రతివాళ్ళూ మెచ్చుకున్నారు. మేమూ మురిసిపోయాం. ఇప్పుడు ఆ మెచ్చుకోళ్ళు గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పిల్ల ఒంట్లో శక్తి అడుగంటి పడి ఉంటే, మేము దానికి బుద్ధి అని పేరు పెట్టాం. పాపకిప్పుడు ఏడేళ్ళు నిండాయి. గండం గడిచింది. నా కోపం మాత్రం గడవలేదు, అందుకే రాస్తున్నాను.

నేను బడిలో చదువుకున్నవాణ్ని కాను. గోదావరిఖనిలో భూమి లోపల, పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్ పని చేసి దిగిపోయినవాణ్ని. అక్షరాలు యూనియన్ ఆఫీసులో పాత పేపర్ల మీద కూడబలుక్కుని నేర్చుకున్నవి. నా తర్వాత నా కొడుకు శ్రీనివాస్ బొగ్గు బాయి పనిలో చేరాడు. వాడికిచ్చిన క్వార్టర్లోనే నేనూ, నా భార్య రాజవ్వా, కోడలు స్వరూపా, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు సహస్రా ఉంటాం. స్వరూప నాకు పరాయి పిల్ల కాదు, నా సొంత చెల్లెలి కూతురు. మేనరికం. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

సహస్ర పుట్టిన మొదటి ఏడాది ఏ తేడా కనిపించలేదు. రెండో ఏడు వచ్చేసరికి బుగ్గలు బొమ్మకున్నట్టు గుండ్రంగా ఉబ్బాయి. పొట్ట ముందుకొచ్చింది. చేతులూ కాళ్ళూ సన్నం. పొడుగు మాత్రం పెరగదు. కుట్టించిన గౌను ఏడాది తిరిగినా అలాగే సరిపోయేది. "బట్టలు దండగ చెయ్యని పిల్ల" అని రాజవ్వ నవ్వేది. ఒక ప్రైవేటు పిల్లల డాక్టరుకు చూపించాం. ఆయన కాటాలో కూర్చోబెట్టి, "బరువు బాగానే ఉంది కదా! బుగ్గలు చూడండి, ఇంకేం కావాలి? తల్లి పొట్టి, పిల్ల పొట్టి" అని టానిక్కు రాసిచ్చాడు. ఆ పొట్ట మీద చెయ్యి వేసి ఒక్కసారి నొక్కి చూడలేదు. బల్ల మీద పడుకోబెట్టను కూడా లేదు. బయట ఇంకా చాలామంది ఉన్నారట. మేము వెయిటింగ్ హాల్లో పొద్దుటి నుంచి కూర్చుంటే, ఆయనకు మా పిల్ల మీద పెట్టడానికి తీరిక దొరకలేదు.

దవాఖానలో దొరకని తీర్పులు వాడలో బోలెడు దొరికాయి. పాలు సరిగా ఇవ్వలేదని ఒకరు, ఫోను చూస్తూ అన్నం పెడుతుందని ఇంకొకరు. ప్రతిదీ స్వరూప మీదికే. ఆమె అందరికీ చాయ్ పోసి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

మా క్వార్టర్లలో ఒక కట్టుబాటు ఉంది. బయటివాళ్ళకు వింతగా ఉంటుంది గానీ మాకు ఊపిరి లాంటిది. నిద్రపోతున్న మనిషిని లేపం. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు పగలు పడుకోవాలి. పగలు నిద్ర సరిపోకపోతే మళ్ళీ రాత్రి బాయిలో తూగుతాడు. బాయిలో తూగినవాడు తానొక్కడే పోడు, పక్కవాణ్ని కూడా తీసుకుపోతాడు. అందుకని గుమ్మానికి తడి తువ్వాల కట్టి ఉంటే లోపల నైట్ షిఫ్టు మనిషి పడుకున్నాడని అర్థం. కూరగాయలమ్మే ఆమె ఆ గుమ్మం ముందు గొంతు తగ్గిస్తుంది. పిల్లలు ఆట పక్క గల్లీకి మార్చుకుంటారు. నేను భూమి లోపల పనిచేసినన్నాళ్ళూ రాజవ్వ నా నిద్రను కాపలా కాసింది. పోపు చప్పుడవుతుందని మధ్యాహ్నం కూర తాలింపు కూడా వేసేది కాదు. అలాంటి ఇల్లు మాది. ఆ ఇంట్లో, లేపితే తప్ప బతకని పిల్ల పుట్టింది.

అది ఎండాకాలం. సహస్రకు రెండేళ్ళు దాటాయి. శ్రీనివాస్ రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, రెండు ముద్దలు తిని, కూలర్ గదిలో పడుకున్నాడు. పాప ముందు రాత్రి సరిగా తినకుండానే నిద్రపోయింది, ఇంకా లేవలేదు. తండ్రి పక్కనే పడి ఉంది. గుమ్మానికి తువ్వాల కట్టి ఉంది. స్వరూప గిన్నెలో అన్నం కలుపుకుని తలుపు దగ్గరికి వెళ్ళింది.

"అత్తా, పిల్ల రాత్రి నుంచి తిననే లేదు. ఎత్తుకొస్త."

"పండుకోనియ్యే! అది లేస్తె ఏడుస్తది, అది ఏడిస్తె వాడు లేస్తడు. ఆకలైతె అదే లేస్తది గదా" అంది రాజవ్వ.

"ఎండెక్కింది అత్తా."

"ఎక్కితె ఎక్కనీ. కూలర్ల సల్లగ పండుకున్నది, నీకేం తక్లీఫ్?"

స్వరూప గిన్నె మీద మూత పెట్టింది. మళ్ళీ ఒకసారి తలుపు దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి వెనక్కి వెళ్ళింది. నేను వరండాలో పేపరు చదువుతూ అదంతా చూస్తూనే ఉన్నాను.

చివరికి శ్రీనివాసే లేచాడు. పక్కలో తడి తగిలిందట. పాప పక్క తడిపిందనుకున్నాడు. చూస్తే చెమట. గౌను పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఒళ్ళు మంచులా చల్లగా ఉంది. కళ్ళు తెల్లగా పైకి తిరిగాయి. చేతులు కొట్టుకుంటున్నాయి.

"బాపూ! పిల్ల... బాపూ!" అన్న వాడి కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. గల్లీ మొత్తం లేచింది ఆ రోజు. తువ్వాల కట్టిన ప్రతి ఇంట్లోంచీ మనిషి బయటికి వచ్చాడు. ఎవరిదో ఆటో. దవాఖానలో ఒక చిన్న వయసు నర్సు పాప వేలు పొడిచి, మిషన్ చూసి, "చక్కెర బాగా తక్కువుంది" అంటూనే గ్లూకోజు కోసం పరుగెత్తింది. అది ఎక్కుతుండగానే పాప కళ్ళు తెరిచింది. "అమ్మా, బువ్వ" అంది. ఆ నర్సు తన డబ్బాలోని అన్నం తెచ్చి పాపకు పెట్టింది. ఆ అమ్మాయి పేరు అడగలేదన్న బాధ నాకు ఉంది.

కోపం మాత్రం ఆ తర్వాత వచ్చిన పెద్ద డాక్టరు మీద. "ఫిట్స్. ఎండ దెబ్బ" అని రెండు ముక్కల్లో తేల్చాడు.

"సార్, రక్తంల చక్కెర తక్కువున్నదని సిస్టరమ్మ అన్నది. ఎందుకు తగ్గింది?" అని అడిగాను.

"తినకపోతే తగ్గదా పెద్దాయనా? పిల్లకు తిండి పెట్టండి" అన్నాడు, స్వరూప వైపు చూస్తూ.

తినక ఎండలో ఆడుకునే పిల్లలు మా వాడ నిండా ఉన్నారు. వాళ్ళెవరికీ కళ్ళు తిరిగి చేతులు కొట్టుకోవడం లేదు. ఆ చిన్న ప్రశ్న ఆయనకు ఎందుకు పుట్టలేదు? ఫిట్స్ మందు రాసిచ్చాడు. ఆ మందుకు నిద్ర ఎక్కువ. నిద్రే ప్రమాదమైన పిల్లకు నిద్ర మందు పోశాం. దానిమీద ఇంకా బుద్ధిమంతురాలైంది సహస్ర!

వానలు మొదలయ్యాక పొట్ట ఇంకా పెరిగింది. రాజవ్వ తరఫు చుట్టం ఒకామె వచ్చి తడిమి చూసి, "ఇది బల్ల, కడుపుల గడ్డ పెరిగింది. దవాఖానోళ్ళకు తెల్వది. మన దిక్కు జైపూర్ అవతల ఒకాయన వాతలు పెట్టి దించుతడు" అంది. నేను వద్దన్నాను. అరిచాను కూడా. అయినా టానిక్కులతో విసిగిపోయిన ఇల్లు నా మాట వినలేదు. సరే, నేనూ వెంట వెళ్ళాను, అక్కడైనా అడ్డుపడదామని. నేను అడ్డుపడాల్సిన పని రాలేదు.

ఆయన ఇంటి ముందు పందిరి కింద పిల్లల్ని ఎత్తుకుని తల్లులు వరసగా కూర్చుని ఉన్నారు. మా వంతు వచ్చింది. కుంపట్లో ఇనుప చువ్వ ఎర్రగా కాలుతోంది.

"రెండు వాతలు బిడ్డా, గంతే. పొద్దు గూకినంక పిల్లకు మెతుకు ముట్టనియ్యద్దు. కడుపు మాడితెనే బల్ల దిగుతది" అన్నాడు ఆయన.

అప్పటిదాకా ఎవరికీ ఎదురు చెప్పని స్వరూప పాపను భుజాన వేసుకుని లేచి నిలబడింది. "పెట్టుడైతె నాకు పెట్టురి ఆ వాతలు. నా పిల్లను ముట్టుకుంటె మంచిగుండదు" అంది. అని వెనక్కి చూడకుండా రోడ్డు దాకా నడిచింది. రాజవ్వ ఆమె వెనక చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది. నేను ఆయనతో రెండు మాటలు మాట్లాడి వచ్చాను. అవి ఇక్కడ రాయదగ్గవి కావు.

ఆ మనిషి చెప్పినట్టు రాత్రి మెతుకు ముట్టనివ్వకుండా ఉంటే సహస్ర తెల్లారి లేచేది కాదు. ఈ మాట నేను కోపంలో అనడం లేదు. తర్వాత డాక్టరమ్మే చెప్పింది.

ఆ డాక్టరమ్మ హైదరాబాదులో దొరికింది. మా బొగ్గు కంపెనీ దవాఖాన నుంచి రాయించుకుని పెద్ద దవాఖానకు వెళ్ళాం. అక్కడి వరండాల్లో రాష్ట్రం నలుమూలల పిల్లలున్నారు. గోడకు ఆనుకుని అన్నం తినేవాళ్ళు, చీర పరుచుకుని పడుకున్నవాళ్ళు, పిలుపు వినబడదేమోనని బాత్‌రూముకు కూడా వెళ్ళకుండా బిగబట్టుకున్నవాళ్ళు. మమ్మల్ని పిలిచేసరికి పొద్దు వాలింది. డాక్టరమ్మ మొదట పాప పొట్ట మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా నొక్కుతూ నడుము దాకా వచ్చింది. తర్వాత, అంతవరకూ ఎవ్వరూ అడగని మాట అడిగింది.

"పొద్దున లేవగానే ఎట్లా ఉంటుంది పాప? రాత్రి తిన్నాక మళ్ళీ ఎప్పుడు తింటుంది?"

రాజవ్వ ముఖం వెలిగింది. "మంచిగ పండుతది మేడం. రాత్రి పండుకుంటె ఎండ పడేదాక కదలది. అసలు సతాయించది. గసొంటి పిల్లను నేను చూడలే."

డాక్టరమ్మ రాయడం ఆపింది. పెన్ను పక్కన పెట్టింది. "అమ్మా, ఈ రాత్రి నుంచి ఈ పిల్లను అంతసేపు పడుకోనివ్వొద్దు. లేపి తినిపించాలి. మిగతావి తర్వాత మాట్లాడదాం" అంది.

రాజవ్వ నా వైపు తిరిగింది. పొగడ్త అనుకుని చెప్పిన మాట మీద ఆ మనిషి ముఖం అలా ఎందుకు మారిందో ఆమెకు అర్థం కాలేదు. నాకు అర్థమవడం మొదలైంది. కూలర్ గది, తడి తువ్వాల, మూత పెట్టిన గిన్నె ఒకదాని వెంట ఒకటి కళ్ళ ముందుకొచ్చాయి.

తర్వాత పరీక్షలు. రక్తం ఎక్కడికో దూరం పంపారు. ఫలితం రావడానికి వారాలు పట్టింది. వచ్చాక డాక్టరమ్మ మా అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. మనం తిన్నదాంట్లో మిగిలిన చక్కెరను కాలేయం దాచిపెడుతుంది. తిండి లేని వేళ దాన్ని తీసి ఒంటికి ఇస్తుంది. సహస్ర కాలేయం దాచడం వరకే చేస్తుంది, తియ్యడం దానికి చేతకాదు. పుట్టుకతోనే ఆ లోపం. నాకు నా భాషలో అర్థమైంది: బంకర్ నిండా బొగ్గుంది, కింద గేటు తెరుచుకోదు. పైన పోస్తున్నకొద్దీ బంకర్ ఉబ్బుతుంది, కింద లారీలు ఖాళీగా నిలబడతాయి. పొట్ట ఎందుకు పెరిగిందో, పిల్ల ఎందుకు పెరగలేదో రెండూ ఒక్క మాటలో తేలిపోయాయి. రోజూ రాత్రి చక్కెర పడిపోయే ఒళ్ళు ప్రాణం నిలబెట్టుకోవడానికే సతమతమవుతుంది, ఇక ఎముక ఎప్పుడు పెంచుకుంటుంది?

"పెరుగుతదా మేడం?" అన్నాడు శ్రీనివాస్. అంతదూరం వచ్చి వాడు అడిగింది అదొక్కటే.

"చక్కెర పడిపోకుండా రాత్రీ పగలూ చూసుకుంటే పెరగాలి. మీరెంత జాగ్రత్తగా ఉంటే అంత" అంది.

తర్వాత ఆమె అడిగింది, "మీ ఇంట్లో ఇంతకు ముందు చిన్నపిల్లలు ఎవరైనా ఇట్లా పోయారా?"

రాజవ్వ లేదంది. నేను ఉన్నారన్నాను. బొగ్గు బాయిలకు రాకముందు, మా ఊళ్ళో, నా తమ్ముడు. అప్పటికి పశువుల వెంట తిరిగే వయసు నాది. వాడి బుగ్గలు కూడా ఇలాగే ఉండేవి. పొట్ట కూడా ఇలాగే. నడక వచ్చినా ఎత్తు రాలేదు. అందరూ వాణ్ని గిల్లి ముద్దు చేసేవాళ్ళు. ఒక పొద్దున మా అవ్వ, అంటే మా కన్నతల్లి, లేపితే లేవలేదు. బల్ల అన్నారు, గాలి అన్నారు. "నిద్రలనే పోయిండు, పుణ్యాత్ముడు" అన్నారు. మా అవ్వ బతికినంతకాలం ఆ ఒక్క మాట పట్టుకుని ఊరట పడింది. డాక్టరమ్మ విని, అది ఇదే జబ్బని ఇప్పుడు ఖాయంగా చెప్పలేమంది. ఆమె చెప్పలేదు, సరే. నాకు చెప్పాల్సిన అవసరం లేదు. లోపం తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం రావాలట. రెండూ కలిస్తేనే జబ్బు. నా చెల్లి నుంచి స్వరూపకు, నా నుంచి శ్రీనివాస్‌కు. ఒక్క ఇంటి రక్తమే రెండు దారుల్లో వచ్చి ఆ పిల్లలో కలిసింది.

ఊరికి తిరిగి వచ్చాక మా బంధువుల్లో ఒకడు, "కోడలు దిక్కునుంచే వచ్చిందంట గదా బావా రోగం?" అన్నాడు. "కోడలు దిక్కంటె ఏ దిక్కురా? ఆమె తల్లి, నేను ఒక్క కడుపుల పుట్టినం. నన్ను అను, నా ముఖం మీద అను" అన్నాను. మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అన్నాళ్ళూ స్వరూప మోసిన నిందలకు ఒక్కరైనా వచ్చి తప్పయిందని అన్నారా? అనలేదు.

మందు ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. పచ్చి మొక్కజొన్న గంజిపొడి, అదే కార్న్‌ఫ్లోర్. చల్లటి నీళ్ళలో కలిపి తాగించాలి. అది పొట్టలో నెమ్మదిగా కరుగుతూ గంటల తరబడి చక్కెర ఇస్తుంది. రోజంతా ఇంత వ్యవధికోసారి, రాత్రి నిద్రలో కూడా లేపి. ఎంత పొడి, ఎంతసేపటికి అన్నది డాక్టరు పిల్లను బట్టి చెబుతారు. నేను రాసింది చూసి ఎవరూ కొలతలు వెయ్యకండి.

నేను కిరాణా దుకాణంలో ఒకేసారి అన్ని డబ్బాలు అడిగేసరికి సేటు కళ్ళద్దాలు సవరించుకుని, "ఏంది కాకా, ఈ వయసుల మంచూరియా బండి పెడుతున్నవా?" అన్నాడు. చెప్పాను. ఆ రోజు నుంచి సరుకు అయిపోతుందనగానే నా వాటా పక్కన పెట్టి ఉంచుతాడు. నవ్వినవాడే ఇంత చేశాడు.

ఇంట్లో మొదటి గొడవ రాజవ్వతోనే. పచ్చి పిండి పసిపిల్లకు పొయ్యడానికి ఆమెకు చెయ్యి రాలేదు. మాకు తెలియకుండా పొయ్యి మీద పెట్టి, కమ్మగా జావ కాచి తాగించింది. ఉడికితే అది తొందరగా అరిగిపోతుంది, చక్కెర ఒక్కసారి ఎక్కి ఒక్కసారి పడిపోతుంది. మధ్యాహ్నానికి పాప ముఖం పాలిపోయి చెమటలు పట్టాయి. స్వరూప వేలు పొడిచి మిషన్ చూసి, చక్కెర నీళ్ళు తాగించి, గిన్నె అడుగు గోకి వాసన చూసింది.

"అత్తా, కాచినవా?"

"పచ్చిది ఎట్ల తాపుతమే? బర్రెకు కుడితి పోసినట్టు పొయ్యమంటవా పిల్లకు?" అంది రాజవ్వ. అంది గానీ ఆ తర్వాత దేవుడి అరుగు దగ్గర కూర్చుని చాలాసేపు లేవలేదు. మరుసటి రోజు నుంచి చల్లటి నీళ్ళు, పచ్చి పొడి ఆమె చేత్తోనే కలిపింది.

రెండో గొడవ రాత్రి లేపడం గురించి. శ్రీనివాస్ మొదట వంతులు వేసుకుందామన్నాడు. షిఫ్టు మారినప్పుడల్లా ఆ వంతులు చెడిపోయేవి. ఒక రోజు వాడే అరిచాడు, "నేను బాయిల తూగి ఎవన్నన్న చంపుకుంటె జిమ్మేదారి ఎవరిది?" అని. "పిల్ల పోతె జిమ్మేదారి ఎవరిది?" అని స్వరూప. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోని రోజులవి. నేను అలారం గడియారం నా మంచం కిందికి తెచ్చుకున్నాను. ముసలివాడి నిద్ర ఎలాగూ పలచన. జీవితమంతా నా నిద్రను ఇల్లు కాపాడింది, ఇక చాలనుకున్నాను. పక్క క్వార్టర్ జరీనా రంజాన్ నెలలో తెల్లారక ముందు తినే సెహ్రీకి లేవగానే మా కిటికీ తట్టేది. "కాకా, ఉఠో! బచ్చీ కీ బాటిల్!" అని. పాప సీసా వేళైంది, లెమ్మని. రంజాన్ అయిపోయినా ఆ అలవాటు పోలేదు ఆమెకు. లేపడమే తప్పనే గల్లీలో మా కిటికీ ఒక్కటి తెల్లారక ముందే మోగడం మొదలైంది. ఎవరూ ఏమీ అనలేదు. నేను కృతజ్ఞుణ్ని.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు హైదరాబాదు దవాఖాన వరండాలో మాకు కాసిపేట దిక్కు నుంచి వచ్చిన ఒకామె పరిచయమైంది. ఆమె కూతురిదీ ఇదే జబ్బు, సహస్ర కన్నా పెద్దపిల్ల. అలసట లేకుండా గచ్చు మీద గంతులు వేస్తోంది. "మాది కూడ గిట్లనే ఉండె పెద్దనాయినా. సీసాల వోసి మంచిగ ఊపాలె, అడుగుకు పేరుకుంటది. ఒక్క పూట మరువద్దు, గంతే" అని, తన సంచిలోంచి మూత గట్టిగా ఉన్న సీసా ఒకటి తీసి స్వరూప చేతిలో పెట్టింది. స్వరూప ఆ పిల్లను ఎగాదిగా చూసింది. నేను కూడా. ఆ పిల్ల తల్లి భుజం దాకా ఉంది.

మా పిల్లకు ఎత్తు రావడానికి చాలా కాలం పట్టింది. పొట్ట కొంత తగ్గింది, బుగ్గలు తగ్గాయి. బుగ్గలు తగ్గినందుకు "పిల్లను ఎండబెడుతున్నరు" అన్నవాళ్ళు కూడా ఉన్నారు! బడిలో వెయ్యబోతే, ఒక ప్రైవేటు బడి హెడ్ మేడమ్ క్లాసులో సీసా తాగనివ్వనంది. "ఒక్కరికి ఒప్పుకుంటే అందరూ తెస్తారండి. ఇంటర్వెల్‌లో తాగమనండి" అంది.

"మేడం, ఆ పిల్ల కాలేయానికి మీ బెల్లు ఇనబడది" అన్నాను.

"అంత సీరియస్ అయితే ఇంట్లోనే ఉంచుకోండి."

డాక్టరు రాసిచ్చిన కాగితం ఆమె చదవలేదు, బల్ల మీద అటు తిప్పి ఇటు జరిపింది. జబ్బున్న పిల్లను చంపేది జబ్బు ఒక్కటే కాదు. ఇలాంటి మర్యాదస్తుల కుర్చీలు కూడా. ఆ బడి మానిపించి సర్కారు బడిలో వేశాం. మొదటి రోజే అక్కడి టీచర్‌తో కూడా కొట్లాటకే దిగాను, అలవాటుగా. ఆమె నా మాటలన్నీ విని, "తాతా, సీసా నా బల్ల మీద పెట్టండి. టైము చెప్పండి. పిల్ల కునుకు తీసినట్టు కనిపిస్తే లేపుతాను" అంది. లేపుతాను అన్న మాట నేను అడగక ముందే ఆమె నోట్లోంచి వచ్చింది. నేను ఇంకా కొట్లాడదామని తెచ్చుకున్న మాటలన్నీ మింగాను.

ఆ బడిలో పొద్దున ప్రార్థనకు పిల్లలను ఎత్తు ప్రకారం నిలబెడతారు. అందరికన్నా పొట్టి పిల్ల వరుసకు ముందు నిలబడి తరగతి పేరున్న అట్ట బోర్డు పట్టుకోవాలి. చేరిన రోజు నుంచి ఆ బోర్డు సహస్రదే. మిగతా పిల్లలు బుడ్డది అని ఏడిపించినా దానికి పట్టేది కాదు. "నేనే లీడర్ తాతా, నేను నడిస్తెనే అందరు నడుస్తరు" అని గొప్పగా చెప్పుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా స్వరూప ముఖం పక్కకు తిప్పుకునేది.

ఈ మధ్య, సెలవుల తర్వాత బడి తెరిచిన కొత్తలో, సహస్ర ఏడ్చుకుంటూ వచ్చింది. సంచి గిరాటేసింది.

"నా బోర్డు గుంజుకున్నరు తాతా! నన్ను ముందునుంచి తీసేసిండ్రు!"

"ఎవరే?"

"టీచరే! నువ్వు రా, కొట్లాడు!"

నాకు రక్తం మరిగింది. జబ్బు పిల్ల అని పక్కకు పెట్టారన్నమాట. మంచిదనుకున్న ఆ టీచరు కూడా ఇంతేనన్నమాట. చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తు లేదు, మరునాడు పొద్దున ప్రార్థన వేళకే బడి గేటు దగ్గర నిలబడ్డాను. సహస్ర నా చెయ్యి పట్టుకుని ఉంది, న్యాయం జరుగుతుందన్న ధీమాతో.

"పిల్లను ఎందుకు తీసేసిండ్రు? ఆమెది ఏం తప్పు?" అన్నాను, మైదానమంతా వినబడేలా.

టీచరు నవ్వు ఆపుకుంటున్నట్టు కనబడింది. బోర్డు పట్టుకున్న ఇంకో పిల్లను పిలిచి, సహస్రనూ ఆమెనూ వీపులు ఆనించి నిలబెట్టింది. "మీరే చూసి చెప్పండి తాతా" అంది.

చూశాను. దుంగ కప్పుకు సరిపోతుందో లేదో కళ్ళతోనే కొలిచి చెప్పిన మనిషిని నేను. తేడా వేలు మందం. సహస్ర తల పైన ఉంది. మళ్ళీ చూశాను. సహస్ర పాదాల వైపు చూశాను, మడమలు ఎత్తిందేమోనని. ఎత్తలేదు. ఏడుస్తూ నేలకు అంటుకుని నిలబడి ఉంది.

టీచరుకు దండం పెట్టబోతే ఆమె నా చేతులు పట్టుకుని ఆపింది.

గేటు దగ్గర సహస్ర ముక్కు చీదుకుంటూ అడిగింది, "కొట్లాడినవా తాతా?"

"కొట్లాడిన బిడ్డా."

"మరి గెల్చినవా?"

సంచిలోంచి సీసా తీసి అడుగున పేరుకున్న పిండి కదిలేదాకా గట్టిగా ఊపాను. మూత తీసి దాని చేతికిచ్చాను.

"గెల్చినం. టైమైంది, తాగు."